మబ్బుల షేడర్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన షేడర్ (తెర మీద ఒక్కో చుక్క రంగూ లెక్కగట్టే ప్రోగ్రామ్) కోడూ వీడియో చూశాను. ఎదుర్లంక వంతెన, కింద గౌతమి, గట్టున కొబ్బరిచెట్లు బాగా కుదిరాయి. ఆకాశం దగ్గరే తేడా కొట్టింది. మబ్బులన్నీ దుప్పటి లాగినట్టు ఒక్కుమ్మడిగా జరిగిపోతున్నాయి. మబ్బు ఆకారాన్నిచ్చే నాయిస్ (నునుపుగా మారే యాదృచ్ఛిక అంకెల అల్లిక) ఏ చోట చదవాలో చెప్పే కోఆర్డినేట్‌కి గాలి వేగం ఇంటూ టైమ్ కలిపి వదిలేశావు. దాన్ని కోఆర్డినేట్‌లోంచి మైనస్ చెయ్యాలి, కలపకూడదు. కలిపావు గనకే మబ్బులు గాలికి ఎదురెళుతున్నాయి.

జరిగే మబ్బు మారుతూ కూడా ఉంటుంది. మధ్యాహ్నం లేచే చిన్న దూదిమబ్బు చాలాసార్లు అరగంట కూడా నిలవదు. అందుకని జరగడానికొక టైమ్, మారడానికొక టైమ్ విడిగా పెట్టుకో. మారడానికి నాయిస్‌కి పొడవు, వెడల్పు, ఎత్తుల తర్వాత నాలుగో కొలతగా ఈ రెండో టైమ్ ఇవ్వు. అది బరువైతే అదే త్రీడీ టెక్స్చర్‌ని (ముందే లెక్కగట్టి దాచుకున్న నాయిస్‌ని) రెండు చోట్ల చదివి మెల్లగా ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చు. ఇక్కడో తిరకాసుంది. సగం సగం కలిసేచోట కాంట్రాస్ట్ 0.7 వంతుకు పడిపోయి, ఆకాశమంతా మబ్బు ఒక లయలో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ముందు సగటు తీసేసి, రెండు వెయిట్ల (ఒక్కోదాన్ని ఎంత వంతు కలుపుతున్నావో ఆ అంకెల) వర్గాల మొత్తానికి వర్గమూలం కట్టి దాంతో భాగించి, సగటు మళ్లీ కలుపు.

ఆక్టేవ్‌లన్నిటినీ, అంటే ఒకదాని మీద ఒకటి సగం సైజులో పేర్చిన నాయిస్ పొరల్ని, ఒకే వేగంతో మార్చకు. గాలి సుడి సైజు సగమైతే అది తిరిగే సమయం సుమారు 0.63 వంతవుతుంది. కాబట్టి ఒక్కో ఆక్టేవ్‌కీ మార్పు వేగాన్ని 1.6తో గుణించు. 2తో గుణిస్తే అంచులు కుతకుతలాడతాయి.

నీ సీను జులైది కదా, గాలి ఒక్కటే పెడితే ఎలా? నైరుతి రుతుపవనాల్లో మన దగ్గర కింది మబ్బులు పడమర నుంచి సముద్రం వైపు పోతాయి. 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి జెట్ గాలి వీస్తుంది గనక పీచుమబ్బులు ఎదురు నడుస్తాయి. వాటికి సెకనుకు 30 మీటర్లు, కింది వాటికి 8 ఇచ్చినా, నెత్తి మీద చూసినప్పుడు పైవి నాలుగో వంతు వేగంతోనే కదిలినట్టుంటాయి. అది తప్పు కాదు, వేగం పెంచకు.

కింది మబ్బుల అడుగుభాగం ఎత్తు ఊహించి పెట్టకు. నేల దగ్గరి ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకీ) మధ్య తేడాని 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. 33, 26 డిగ్రీలైతే 875. ఆ అడుగుభాగం చదునుగా ఉండాలి.

సీను రాత్రీపగలూ ఆపకుండా నడిస్తే కదలికలో గతుకులు మొదలవుతాయి. 32 బిట్ల ఫ్లోట్‌లో (షేడర్ దశాంశ సంఖ్యల్ని దాచే పద్ధతిలో) టైమ్ 65,536 సెకన్లు, అంటే 18 గంటలు దాటాక, 0.008 సెకను కన్నా సన్నగా పెరగలేదు. సెకనుకు 60 ఫ్రేములుంటే కొన్ని ఫ్రేముల్లో టైమ్ అలాంటి రెండు మెట్లు ఎక్కుతుంది, కొన్నిట్లో మూడు. టైమ్‌ని సీపీయూలో డబుల్‌గా (64 బిట్ల సంఖ్యగా) పెంచు. గాలి వేగం ఇంటూ టైమ్ వచ్చే ఆఫ్‌సెట్‌ని టెక్స్చర్ రిపీట్ అయ్యే దూరంతో మాడ్యులో చేసి (భాగించి మిగిలిన శేషమే తీసుకుని) షేడర్‌కి పంపు.

మళ్లీ పంపేముందు గాలిని సున్నా చేసి చూడు. మబ్బు ఉన్నచోటే పుట్టి, ఉన్నచోటే కరగాలి. అది కుదిరాకే వెలుగు జోలికెళ్లు.

అన్నయ్య