మోడెము వేగం కొలిచే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

అటక మీది పాత మోడెములు, అవే, ఫోను లైను మీద కంప్యూటర్లను కలిపే పెట్టెలు, రెండూ పనిచేస్తున్నాయని, ఒకటి నీ స్నేహితుడి ఇంట్లో పెట్టి ఎక్స్‌మోడెమ్, జెడ్‌మోడెమ్, కెర్మిట్ అనే మూడు ప్రోటోకాళ్లతో, అంటే ఫైలు పంపే పద్ధతులతో, ఫైళ్లు పంపి ఏది వేగమో చూస్తావని రాశావు. ఇన్నేళ్లుగా మీ అమ్మ వాటిని పాత సామాన్లవాడికి వేయకపోవడం నీ అదృష్టం.

పంపే ఫైలు జిప్ చేసినదై, అంటే ముందే కుదించినదై ఉండాలి. మామూలు పాఠం పంపితే మోడెమే దాన్ని వి.42బిస్ పద్ధతిలో కుదించేస్తుంది, వేగం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నేనొకసారి నెలంతా అలా తప్పుడు అంకెలే రాసుకున్నాను.

ఎక్స్‌మోడెమ్ 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాసినది. 128 బైట్ల ముక్క పంపి, అవతలి నుంచి ‘అందింది’ అని జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఒక్కో బస్తాకూ రసీదు తీసుకున్నాకే రెండోది ముట్టుకునే హమాలీ లాంటిది. జవాబుకు 0.2 సెకను పడుతుందనుకో. బైటుకు పది బిట్ల లెక్కన, ముందూ వెనకా తగిలించేవాటితో 132 బైట్లు. సెకనుకు 2400 బిట్ల వేగంలో ముక్క వెళ్లడానికి 0.55 సెకను, అంటే సెకనుకు 240 బైట్లు పట్టే లైనులో 170 అందుతాయి. పరవాలేదు. 28,800లో ముక్క 0.046 సెకనులో వెళ్లిపోతుంది, నిరీక్షణ మాత్రం తగ్గదు. 2,880 పట్టే లైనులో అందేది 520! లైను పన్నెండు రెట్లు పెరిగితే ఫలితం మూడు రెట్లే. అందుకే రెండు వేగాల్లోనూ కొలువు.

1986 నాటి చక్ ఫోర్స్‌బర్గ్ జెడ్‌మోడెమ్ ఈ రసీదుల కోసం ఆగదు; తప్పు వచ్చినప్పుడే అవతలివాడు నోరు విప్పుతాడు. కానీ నీ పాత కంప్యూటర్‌లో మోడెము నుంచి బైట్లు అందుకునే చిప్ 8250 రకం అయితే ఆ ధాటికి బైట్లు జారిపోతాయి. 16 బైట్లు దాచుకునే 16550 ఉందేమో చూసుకున్నాకే ప్రోటోకాల్‌ను తిట్టు.

కెర్మిట్‌ను అందరూ నత్త అంటారు. నాకది అన్యాయమనిపిస్తుంది. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో, కంట్రోల్ అక్షరాలను, అంటే తెర మీద కనిపించక ఆజ్ఞలుగా పనిచేసేవాటిని, మింగేసే మొండి లైన్ల మీదా నెగ్గుకురావడానికి పుట్టినది అది. మొదట్లో ఉండే పొట్టి ప్యాకెట్లను, అంటే ఫైలు ముక్కలను, పొడవు చేసి, ఒకేసారి చాలా ప్యాకెట్లు పంపే విండోలు తెరిచి, అప్పుడు అంకె రాయి.

కొలిచేటప్పుడు హాల్లోని ఫోను ఎత్తవద్దని మీ అమ్మకు చెప్పు. చివర్లో ఒక్కసారి మాత్రం కావాలనే ఎత్తమను. తెగిన చోటి నుంచి జెడ్‌మోడెమ్ మళ్లీ ఎలా అందుకుంటుందో చూద్దువుగాని.

నీ బాబాయి