ఐఐటీలో చేరబోయే పిల్లల మొదటి ఏడాదికి తల్లిదండ్రులు ఏం సిద్ధం చేసుకోవాలి?

"మా బాబుకి పశ్చిమ బెంగాల్‌లోని ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటొచ్చింది. ఇంత దూరం ఎప్పుడూ పంపలేదు. ఏమేం సర్దాలి, మేం ఎలా సిద్ధపడాలి?" అని అడిగారు. ముందుగా మీకూ బాబుకీ అభినందనలండి. మాది గుంటూరు జిల్లా. మా అబ్బాయి 2023లో అక్కడే చేరాడు. మీరిప్పుడు పడుతున్న టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

రిజల్ట్ వచ్చిన రోజు నుంచి నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని సామాన్ల లిస్టు రాస్తూనే ఉన్నాను. బకెట్టు, మగ్గు, హ్యాంగర్లు, దోమతెర, తాళం కప్ప, ఇలా నాలుగు పేజీలయ్యింది. అందులో ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతుంది. క్యాంపస్ లోపలే టెక్ మార్కెట్ ఉంది, పిల్లలకు కావలసినవన్నీ అమ్ముతారు. పైగా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు కిలోమీటరు దాటుతుంది. మా కోచ్ ఒక చివర ఆగింది. నాలుగు సంచులు, రెండు పెట్టెలు మోసుకుంటూ బయటికి వచ్చేసరికి ముగ్గురికీ ప్రాణం కడబట్టింది. మనిషికొక పెట్టె చాలండి. సైకిల్ మాత్రం చేరిన వారంలోనే కొనివ్వండి. రెండు వేల ఎకరాలు దాటిన క్యాంపస్ అది, హాస్టల్ నుంచి క్లాసుకు నడిచి వెళ్ళడం రోజూ కుదిరే పని కాదు.

కాగితాల సంగతి ఇప్పుడే చూసుకోండి. బీసీ పిల్లలకు మన రాష్ట్రంలో ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రం అక్కడ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (అంటే సంపన్న శ్రేణిలోకి రారని చెప్పే) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం కూడా తప్పనిసరిగా తీసుకోండి. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దివ్యాంగులకు అది పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఈ విషయం తెలియక పూర్తి ఫీజుకి అప్పు చేసిన కుటుంబాన్ని నేను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను. హాస్టల్, మెస్ ఖర్చులు వేరే ఉంటాయి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మన పిల్లలు ఇంటర్ రెండేళ్ళూ ఎలా గడిపారో ఒకసారి గుర్తు చేసుకోండి. మావాడు చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున ఐదున్నరకు బెల్లు కొట్టేవారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష. లేపడానికి ఒకరు, తినమని చెప్పడానికి ఒకరు, పక్కన కూర్చోబెట్టి చదివించడానికి ఇంకొకరు. బట్టలు ఎవరో ఉతికి మడతపెట్టి ఇచ్చేవారు. జేబులో డబ్బు లేదు, చేతిలో ఫోన్ లేదు. ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్ళి, ఎవరూ ఏమీ అడగని చోట ఒక్కసారిగా వదిలిపెడతాం. క్లాసులు పొద్దున ఎనిమిదింటికే మొదలు. మావాడు మొదటి నెలలో నాలుగైదు క్లాసులు నిద్రలోనే పోగొట్టుకున్నాడు. "నన్ను ఎవరూ లేపట్లేదమ్మా" అన్నాడు ఫోన్లో. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఆ మాట అంటే నాకు గుండె కలుక్కుమంది. వాడి తప్పు కాదది, వాడికి తనంతట తాను లేచే అవకాశం మేం ఏనాడూ ఇవ్వలేదు.

అందుకని మీకు దొరికిన ఈ కొద్ది వారాల్లో బాబుని నిద్ర లేపకండి. బస్సు తప్పినా, టిఫిన్ చల్లారినా పర్వాలేదు, తనే అలారం పెట్టుకుని లేవాలి. బట్టలు ఉతుక్కోవడం నేర్పండి. మా చిన్నమ్మాయి కోసం ఈమధ్య నేను అదే చేశాను. చొక్కా కాలరు లోపలివైపు ఎంత మురికి పడుతుందో చూపించి, సబ్బు రాసి పది నిమిషాలు వదిలేసి అప్పుడు బ్రష్ పెట్టమని చెప్పాను. రంగు పోయే బట్టలు వేరుగా నానబెట్టాలని కూడా ఈ వయసు పిల్లలకు తెలియదండి. బ్యాంకు ఖాతా తెరిచి నెల ఖర్చు ఒకేసారి వేయండి, మధ్యలో అయిపోతే ఎలా సర్దుకోవాలో ఇంట్లో ఉన్నప్పుడే ఒక నెల చేయించి చూడండి.

ఇప్పుడు మార్కుల గురించి. ఇది చెప్పడం నాకు కష్టమే. మావాడికి పదో తరగతి నుంచి జేఈఈ దాకా ఎప్పుడూ మొదటి పదిమందిలోనే పేరుండేది. అక్కడ పక్కన కూర్చున్న ప్రతివాడూ అలాంటివాడే. మొదటి సెమిస్టర్‌లో వాడికి పదికి 6.3 వచ్చింది. మాకు చెప్పలేదు. డిసెంబర్‌లో ఇంటికొచ్చి పది రోజులు ముభావంగా తిరిగాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వచ్చి గడప మీద కూర్చుని, తనూ నాలుగు కాయలు తీసుకుని ఈనెలు లాగుతూ, తలెత్తకుండా చెప్పాడు. "నాన్నకి బ్రాంచి మారతానని చెప్పాను కదా, అది జరగదమ్మా" అన్నాడు. రైలెక్కించేటప్పుడు మా ఆయన "మొదటి ఏడాది గట్టిగా చదివితే కంప్యూటర్ సైన్స్‌కి మారిపోవచ్చురా" అన్నారు. మంచి మాటే అనుకుని అన్నారు. పిల్లవాడు దాన్ని నాలుగు నెలలు నెత్తిన మోశాడు. ఇప్పుడు కొన్ని ఐఐటీల్లో బ్రాంచి మార్పునే తీసేశారు. దయచేసి ఆ ఆశ పెట్టి పంపకండి. వచ్చిన బ్రాంచి గురించి ఇప్పుడే ఇంట్లో మనసారా మాట్లాడుకోండి. మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే మాతో చెప్పు, ఆరోజు మేం ఏమీ అనం అని ముందే మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. మేం ఆ మాట ముందు ఇవ్వలేకపోయాం.

బంధువులు "ప్యాకేజీ ఎంతొస్తుంది" అని అడుగుతారు. బాబు ఎదురుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకండి.

మనసు బాగోలేనప్పుడు ఎక్కడికి వెళ్ళాలో వెళ్ళకముందే చెప్పి ఉంచండి. క్యాంపస్‌లో కౌన్సెలర్లు ఉంటారు. టెలి మానస్ 14416 ప్రభుత్వ నంబరు, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522. రెండూ ఫోన్లో సేవ్ చేయించండి. రూమ్మేట్ నంబరు, వాళ్ళ అమ్మగారి నంబరు మీరు తీసుకోండి. రూమ్మేట్‌కి రోజూ ఫోన్ చేయకండి, అవసరం వస్తే ఉండాలంతే. మేం మొదట్లో రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేవాళ్ళం, వాడు "ఊ, తిన్నా" అని పెట్టేసేవాడు. తర్వాత ఆదివారం సాయంత్రం ఒక్కసారి వీడియో కాల్ అనుకున్నాం. అప్పటినుంచి వాడే అరగంట మాట్లాడుతున్నాడు.

తిండికి మొదటి రెండు నెలలు ఇబ్బంది పడతాడు. కూరల్లో ఆవనూనె వాసన మన పిల్లలకు పడదు. కందిపొడి, కరివేపాకు పొడి, నెయ్యి పంపండి. పచ్చడి పంపితే మూతకి ప్లాస్టిక్ కవరు బిగించి స్టీలు డబ్బాలో పెట్టండి, మా గోంగూర నూనె కారి రెండు చొక్కాలు పోయాయి. ఖరగ్‌పూర్ ఊళ్ళో రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. స్టేషన్ బయట మమ్మల్ని ఎక్కించుకున్న ఆటో అబ్బాయి మా మాటలు విని "ఏ ఊరండీ" అని అడిగినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చేర్పించిన రోజు గది సర్దే పని బాబుకే వదిలేయండి. నేను పరుపు మీద దుప్పటి పరుస్తూ ఉంటే మావాడు గుమ్మం దగ్గర ఇబ్బందిగా నిలబడ్డాడు, రూమ్మేట్‌తో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాడు. అది గమనించి మా ఆయన నన్ను బయటికి తీసుకెళ్ళారు. అక్కడ హిజ్లీ నిర్బంధ శిబిరం భవనం ఉంది. స్వాతంత్ర్య సమరయోధుల్ని అందులో పెట్టేవారు, 1931లో ఇద్దరు ఖైదీలను పోలీసులు కాల్చి చంపారు. 1951లో ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే. ఇప్పుడు మ్యూజియం చేశారు. మీరూ రెండు గంటలు అక్కడ గడిపి రండి. మేం తిరిగొచ్చేసరికి ఇద్దరు పిల్లలూ కలిసి మంచాలు జరుపుకుంటున్నారు.

దసరాకి సెలవులిస్తారు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే కూర్చుని కోరమాండల్‌కో ఫలక్‌నుమాకో రానూ పోనూ టికెట్లు చేయించేయండి, పండగ రోజుల్లో తర్వాత దొరకవు. తిరిగి వెళ్ళేటప్పుడు మందపాటి దుప్పటి ఇచ్చి పంపండి, డిసెంబర్ చలి మన కోస్తా పిల్లలకు అలవాటుండదు.