ఏం ఆపేశారో అడుగు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి భోజనమయ్యాక మంచం మీద పడుకుని, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మొదటిసారి బాగుందనిపించింది. రెండోసారి పెన్సిలు సగం అరిగింది.

ముసలి ఉపగ్రహాల మీద రాస్తున్నానని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడే సంతోషించాను. రాకెట్ లేచిన రోజు అందరూ రాస్తారు. ఉపగ్రహం కాలిపోయి సముద్రంలో పడిన రోజు మళ్లీ నాలుగు లైన్లు వేస్తారు. ఆ రెంటికీ నడుమ పదేళ్లో పదిహేనేళ్లో దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు కదా, ఆ సంగతి ఎవరికీ పట్టదు. నువ్వు పట్టించుకున్నావు. దారి మంచిదే, నడక దగ్గరే పేచీ.

మొదటి పేజీలోనే, మబ్బుల్ని కొలిచే అమెరికా ఉపగ్రహం క్లౌడ్‌శాట్‌ని ‘అలసిన వృద్ధ యోధుడు’ అన్నావు. రెండో పేజీలో అది ‘చీకట్లో ఒంటరిగా వణికింది’. నాలుగో పేజీకి వచ్చేసరికి కన్నీళ్లు కూడా పెట్టుకుంది. యంత్రం చేత కన్నీళ్లు పెట్టించాలని ఉంటే పెట్టించు, నిన్నెవరూ జైల్లో వేయరు. కానీ కింద కూర్చుని దాన్ని బతికించిన మనుషులు నీ ఆరు పేజీల్లో ఒక్కచోట కూడా లేరు, అది చూసుకున్నావా? వాళ్లు పడాల్సిన టెన్షనంతా పాపం ఆ ఉపగ్రహం చేత పడిపించావు.

జరిగిందేమిటో ఒకసారి వరసగా చూద్దాం. 2006 ఏప్రిల్ 28న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ఒకే డెల్టా-2 రాకెట్ మీద క్లౌడ్‌శాట్, దాని జోడీ ఉపగ్రహం కాలిప్సో రెండూ వెళ్లాయి. క్లౌడ్‌శాట్‌లో ఉన్నది 94 గిగాహెర్ట్జ్ రాడార్. అది మబ్బుని పైపైన ఫొటో తీయదు. కేకుని కోసినట్టు నిలువుగా కోసి, ఏ ఎత్తులో ఎంత నీరుందో ఎంత మంచుందో చూపిస్తుంది. పెట్టుకున్న గడువు 22 నెలలు. ఐదేళ్లు నడిచింది. 2011 ఏప్రిల్‌లో బ్యాటరీ దెబ్బతింది.

దీనికి నీ వ్యాసంలో ఒకే ఒక్క వాక్యం: ‘బ్యాటరీ సమస్యను శాస్త్రవేత్తలు విజయవంతంగా అధిగమించారు.’ ఇక్కడే పెన్సిలు ముక్కు విరిగింది. ఎలా అధిగమించారయ్యా? నీ వ్యాసమంతా ఉండాల్సింది ఆ ఒక్క క్రియాపదం లోపలే. దాన్ని మూతపెట్టి పక్కన పెట్టేశావు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా. పాతబడ్డాక ఎండాకాలంలో కరెంటు పోతే ఏమవుతుంది? రెండు ఫ్యాన్లు వేస్తే పది నిమిషాలకే కుయ్యోమంటుంది. మీ అమ్మగారు టీవీ కట్టేస్తారు, ముందుగదిలో ఫ్యాన్ కట్టేస్తారు, అందర్నీ ఒకే గదిలోకి వచ్చి పడుకోమంటారు. క్లౌడ్‌శాట్ విషయంలో చేసిందీ అదే. ఒక్క తేడా ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో మీ అమ్మగారికి తెలీదు. క్లౌడ్‌శాట్‌కి మాత్రం 99 నిమిషాలకోసారి, సెకన్లతో సహా తెలిసిన టైముకి పోతుంది. 705 కిలోమీటర్ల ఎత్తులో భూమిని ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం అది, అందులో దాదాపు మూడోవంతు భూమి నీడలో గడుస్తుంది. నీడలో సోలార్ ప్యానెల్స్‌కి ఎండ తగలదు. బ్యాటరీ మీదే బతకాలి. ఆ బ్యాటరీకి ఇక రాడార్‌ని మోసే శక్తి లేదు, ఉపగ్రహాన్ని కదలకుండా ఒకవైపు పట్టి ఉంచే శక్తీ లేదు.

అందుకని ఏం చేశారు? నీడ వచ్చేలోపే రాడార్ ఆపేశారు. అత్యవసరమైనవి తప్ప మిగతావన్నీ కట్టేశారు. ఉపగ్రహాన్ని నెమ్మదిగా తన చుట్టూ తాను తిరిగేలా వదిలేశారు. తిరుగుతున్న బొంగరం ఎవరూ పట్టుకోకపోయినా వాలిపోదు కదా, ఆ కిటుకే. ఎండలోకి రాగానే ఆ తిరుగుడు ఆపి, ముఖం మళ్లీ భూమివైపు తిప్పి, రాడార్ ఆన్ చేయడం. కాసేపటికి మళ్లీ నీడ, మళ్లీ ఆఫ్. రోజుకి 14, 15 సార్లు. ఇలా పగటిపూట మాత్రమే పనిచేయించే పద్ధతి 2011 చివర్లో మొదలైంది. రాడార్‌ని శాశ్వతంగా ఆపేసింది 2023 డిసెంబరులో. ఈ మధ్యలో అది ఎన్నిసార్లు నీడలోకి వెళ్లి వచ్చిందో నువ్వే గుణించుకో, 60 వేల దరిదాపుల్లో తేలుతుంది. ఆ పని కోసం కట్టిన యంత్రం కాదది. ఐదేళ్ల కిందట ఎగిరిపోయినదానికి కింద కూర్చుని కొత్త నిద్ర, కొత్త మెలకువ నేర్పారు. (చూశావా, నేను కూడా జారిపోయాను. ‘నిద్ర’ అన్నాను. ఒకట్రెండు చోట్ల పర్లేదు.)

ఇక నువ్వు అసలు ముట్టుకోని సంగతి. ఈ బతుకుకి వాళ్లు చెల్లించిన ధర ఏమిటి? రాత్రి. 2011 తర్వాత క్లౌడ్‌శాట్ రాత్రి మబ్బుల్ని చూడలేదు. మొదటి ఐదేళ్ల డేటాలో పగలూ ఉంది, రాత్రీ ఉంది. తర్వాతి పన్నెండేళ్లలో పగలే. ఆ సంగతి మరిచిపోయి మొత్తం వరసగా కలిపి లెక్క కట్టినవాడికి, మబ్బులే మారిపోయాయని భ్రమ కలుగుతుంది. సరిగ్గా పోల్చాలంటే ముందరి ఐదేళ్లలోంచి కూడా రాత్రులు తీసి పక్కన పెట్టాలి. ‘విజయవంతంగా’ అనే మాట కింద ఇంత కథ ఉంది.

అందుకే చెబుతున్నా. ఇలాంటి మిషన్లలో పనిచేసినవాళ్లు దొరికితే ‘మీరేం కనిపెట్టారు’ అని అడక్కు. ఆ జవాబు పత్రికా ప్రకటనలోనే ఉంటుంది. ‘ఏం ఆపేశారు? ఎప్పుడు? అది వద్దన్నవాళ్లు ఎవరు?’ అని అడుగు. పాత ఉపగ్రహం బతకడమంటే ఒక్కొక్కటీ వదులుకుంటూ పోవడమే. ప్రతి వదులుకోవడం వెనకా ఒక మీటింగ్ ఉంటుంది, అందులో ఇద్దరికైనా మాటామాటా వచ్చి ఉంటుంది. సైంటిస్టుల కంటే కన్సోల్ ముందు షిఫ్టులు చేసినవాళ్ల దగ్గర ఈ కబుర్లు ఎక్కువ దొరుకుతాయి. వాళ్లని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతారు కూడా.

మాటల సంగతి. ‘ప్రతిక్రియా చక్రం’ అని రాశావు. ఎవరికోసం? ఆ పని చేసేవాడు రియాక్షన్ వీల్ అంటాడు. చదివేవాడికి రెండూ కొత్తే. తెలిసిన పేరే పెట్టి, అదేం చేస్తుందో చెప్పు. ఆఫీసులో తిరిగే కుర్చీ మీద కూర్చుని, సైకిల్ చక్రాన్ని చేతిలో అడ్డంగా పట్టుకుని ఒకవైపు తిప్పితే కుర్చీ నిన్ను రెండోవైపు తిప్పుతుంది. ఉపగ్రహం లోపలి చక్రాలూ అలాగే, వాటి వేగం పెంచీ తగ్గించీ ఇంధనం ఖర్చు లేకుండా ముఖం తిప్పుకుంటుంది. క్లౌడ్‌శాట్‌లో అలాంటి చక్రం ఒకటి పాడయ్యాకే, 2018 ఫిబ్రవరిలో దాన్ని మిగతా ఉపగ్రహాల వరసలోంచి తప్పించి కిందికి దింపారు. ఏ-ట్రైన్ అని ఒకదాని వెనక ఒకటి వెళ్లే వరస అది. అదుపు తగ్గినదాన్ని ఆ గుంపులో ఉంచితే పక్కవాటికి ప్రమాదం.

అదే ఏడాది సెప్టెంబరులో కాలిప్సో కూడా ఆ వరస వదిలి కిందికి దిగి, క్లౌడ్‌శాట్‌తో కలిసింది. నువ్వు దాన్ని ప్రేమకథ చేసేశావు, ‘తోడు కోసం దిగి వచ్చింది’ అని. వాక్యం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అసలు కారణం ఇంకా బాగుంటుంది. క్లౌడ్‌శాట్ రాడార్‌కి దట్టమైన మబ్బు లోపల కనిపిస్తుంది, పలచటి పొర కనిపించదు. కాలిప్సో లేజర్‌కి పలచటి పొర, ధూళి, పొగ కనిపిస్తాయి, దట్టమైన మబ్బు అడ్డొస్తే ఆగిపోతుంది. రెండూ ఒకే చోటుని వెంటవెంటనే చూస్తేనే మబ్బు మొత్తం తెలుస్తుంది. కాలిప్సోకీ అప్పటికే ఇంధనం తగ్గిపోతోంది, ఎలాగూ ఆ వరస వదలాల్సిందే. ఇద్దరు ముసలాళ్లు సగం సగం చూపుతో ఒక పేపరు పంచుకుని చదువుతున్నట్టు. ఈ పోలిక కావాలంటే వాడుకో, నాకు ఇంకోటి దొరుకుతుంది.

మేఘా-ట్రోపిక్స్ దగ్గరికి వద్దాం. నీ వ్యాసంలో నాకు నిజంగా నచ్చిన చోటు ఇదే. 2011 అక్టోబరు 12న బడి వదిలేస్తే సూళ్లూరుపేటలో మీ మిద్దె ఎక్కి పీఎస్‌ఎల్‌వీ-సీ18 రాకెట్ లేవడం చూసిన ఆ పేరా. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కానీ మిద్దె దిగాక నేరుగా 2023కి దూకేశావు. భారత్, ఫ్రాన్స్ కలిసి కట్టిన ఆ ఉపగ్రహానికి మూడేళ్ల ఆయుష్షు అనుకున్నారు. వానని, మబ్బుని కొలిచే ముఖ్య పరికరం పేరు మద్రాస్. (ఈ పేరు మీద జోకు వేయాలనిపించడం సహజం, నువ్వు వేసిన మూడూ తీసేశాను.) 2013 జనవరిలో దాన్ని గుండ్రంగా తిప్పే యంత్రాంగం పాడైంది. ఏడాదిన్నర కూడా నిండకుండానే పెద్ద పరికరం పోయింది. అక్కడితో కథ అయిపోవాలి కదా? గాలిలో తేమని వేర్వేరు ఎత్తుల్లో కొలిచే సఫైర్ అనే పరికరం మిగిలింది. ఉపగ్రహం కక్ష్య భూమధ్యరేఖకి 20 డిగ్రీలే వాలి ఉండటంతో, ఉష్ణమండలంలో ఒకే చోటుని రోజుకి చాలాసార్లు చూడగలిగేది. వాతావరణ అంచనాలు వేసే కేంద్రాలు ఆ తేమ లెక్కల్నే వాడుకున్నాయి. 2021 దాకా డేటా వచ్చింది. పెద్ద కొడుకు చేతులెత్తేస్తే ఇల్లు నడిపిన చిన్నకొడుకుల సంగతి మన ఊళ్లో ఎవరైనా వింటారు. నువ్వెందుకు దాటేశావు?

దించడం కూడా చిన్న పని కాదు. 867 కిలోమీటర్ల ఎత్తులో వదిలేస్తే వందేళ్లకు పైగా అక్కడే తిరిగేది. లోపల ఇంకా సుమారు 125 కిలోల ఇంధనం మిగిలింది, అదెప్పుడైనా పేలి ముక్కలు చెదిరే భయం. అందుకే 2022 ఆగస్టు నుంచి 20 విడతల్లో కక్ష్యని కిందికి లాగుతూ సుమారు 120 కిలోలు ఖర్చు పెట్టారు. 2023 మార్చి 7న చివరి రెండు విడతలు, ఒక్కొక్కటి 20 నిమిషాల చొప్పున, నాలుగు థ్రస్టర్లు, అంటే చిన్న ఇంజన్లు, మండించారు. ఒక్కో థ్రస్టర్ బలం 11 న్యూటన్లు. నీ వ్యాసంలో ‘భీకరమైన ఇంజన్లు గర్జించాయి’ అని ఉంది. 11 న్యూటన్లంటే కిలో పంచదార పొట్లం బరువు కంటే కాస్త ఎక్కువ. టన్ను బరువున్న వస్తువుని నాలుగు పంచదార పొట్లాలంత బలంతో నెట్టి పసిఫిక్ సముద్రంలో అనుకున్న చోట పడేశారు. గర్జన తీసెయ్, పొట్లం పెట్టు. పైగా ఇలా దించడం కోసం తయారైన ఉపగ్రహం కాదది, కొన్ని భాగాలకి అప్పటికే బదులు భాగాలు లేవు. అంత కింద, అంత గాలి రాపిడిలో పనిచేయాలని కట్టినప్పుడు ఎవరూ అనుకోలేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. టీఆర్‌ఎంఎం అని అమెరికా, జపాన్ కలిసి నడిపిన వాన ఉపగ్రహం ఉండేది, 1997లో తనెగషిమా నుంచి ఎగిరింది. అది పడిపోయినప్పుడు ఒక పత్రికలో ‘ఇంధనం అయిపోయి కూలిపోయింది’ అని రాశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు ఉత్తరం రాశారు: ‘అయ్యా, ఉపగ్రహం ఆటో కాదు, పెట్రోలు అయిపోగానే ఆగడానికి.’ సిగ్గుతో చచ్చాను. ఇంధనం దాదాపు అయిపోయింది 2014 జూలైలో. పరికరాలు ఆపింది 2015 ఏప్రిల్‌లో. గాలిలో కాలిపోయింది జూన్‌లో. ఏడాది పాటు మెల్లమెల్లగా జారింది, జారుతూనే చాలాకాలం కొలిచింది. ఆ ఇంధనమంతా కక్ష్య జారిపోకుండా పట్టుకోడానికే. 350 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచటి గాలి ఉండి వెనక్కి లాగుతూ ఉంటుంది. ఆ ఖర్చు తగ్గించడానికే 2001లో దాన్ని 402 కిలోమీటర్లకి ఎత్తారు. వాతావరణాన్ని చదవడానికి వెళ్లినదాన్ని వాతావరణమే కిందికి గుంజుతుంది.

2004లో దాన్ని ఆపేద్దామని నాసా అనుకుంటే, తుపానుల మీద పనిచేసేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. అప్పటికి మిగిలిన ఇంధనంతో రెండిట్లో ఒక్కటే చేయగలరు: అదుపులో పెట్టి సముద్రంలో దించడం, లేదా ఇంకొన్నేళ్లు కొలవడం. కొలవడానికే వాడారు. ఇంకో పదేళ్ల వాన లెక్కలు వచ్చాయి. చివరికి అది తనంతట తాను దక్షిణ హిందూ మహాసముద్రం మీద పడింది. మేఘా-ట్రోపిక్స్ వాళ్లు ఉన్న ఇంధనం దించడానికి వాడారు, వీళ్లు బతకడానికి వాడారు. నన్నడిగితే రెండూ సబబే. కానీ ఎక్కడో ఎవరి ఇంటిమీదో ముక్క పడి ఉంటే టీఆర్‌ఎంఎం గురించి నేనిలా తీరిగ్గా రాసేవాణ్ని కాదు. నీ వ్యాసంలో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడు. తీర్పు నువ్వు చెప్పకు, చదివేవాళ్లని కొట్టుకోనీ.

ఈసారి పంపేటప్పుడు పేజీకి ఎడమవైపు కాస్త చోటు వదులు. పోయినసారి నా రాతలన్నీ వెనకవైపు రాయాల్సి వచ్చింది. ఇంకొకటి. ఆ రోజు మిద్దె మీద మీ నాన్నగారు ఆకాశం వైపు చూస్తూ ‘ఇంత చేసి మూడేళ్లేనా ఉండేది?’ అన్నారని ఫోన్లో చెప్పావు. వ్యాసమంతా వెతికాను, ఎక్కడా లేదు. అది పెట్టు.

మీ అన్నయ్య