టెక్ సందేహాలు: ఆస్ట్రేలియా మీడియా, మార్కెటింగ్ మీద సొంతంగా రాస్తున్నారా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియాలోని తెలుగువాళ్లవే. మార్కెటింగ్ చదువుతున్నవాళ్లు, ఏజెన్సీల్లో పనిచేస్తున్నవాళ్లు అక్కడి టీవీ ఛానళ్ల గురించి, ప్రకటనల గురించి సొంత సైట్లలో రాస్తున్నారు. ఈ రంగంలో ఇలా చిన్నగా మొదలుపెట్టి నిలబడినవాళ్లు అక్కడ ముందు నుంచీ ఉన్నారు. 2000లో స్టీఫెన్ మేన్ క్రైకీ అనే వార్తల సైట్‌ను, 2008లో టిమ్ బరోస్ మంబ్రెల్లా అనే మీడియా, మార్కెటింగ్ వార్తల సైట్‌ను మొదలుపెట్టారు. బరోసే మళ్లీ 2021లో అన్‌మేడ్ అనే ఈమెయిల్ న్యూస్‌లెటర్ తెచ్చారు. అయితే ఒక్కరే నడిపే సైట్‌కు ఎడిటింగ్ డెస్క్ ఉండదు, లాయర్ ఉండడు. ఆ కాపలా పని చాలావరకు సెట్టింగ్స్‌లోనే ముందుగా చేసిపెట్టుకోవాలి. కింది జవాబులన్నింటిలో నేను పట్టుబట్టేది దాని గురించే.

ప్రశ్న: సార్, నేను సిడ్నీలో ఉంటాను. ఏజెన్సీల గురించి వర్డ్‌ప్రెస్‌లో రాస్తాను. నా వ్యాసాలకంటే వాటి కింద మారుపేర్లతో వచ్చే కామెంట్లనే జనం ఎక్కువ చదువుతున్నారు. ఈమధ్య ఎవరో ఒక క్రియేటివ్ డైరెక్టర్ పేరు రాసి, ఆయన వేరేవాళ్ల ఐడియా కొట్టేశాడన్నారు. రాసింది నేను కాదు కదా, ఉంచేయొచ్చా?

ముందు ఆ కామెంట్‌ను సైట్‌లో కనబడకుండా చేసి, తర్వాత మిగతాది చదవండి. డిలీట్ మాత్రం చేయకండి. వర్డ్‌ప్రెస్‌లో ‘అన్‌అప్రూవ్’ నొక్కితే అది జనానికి కనిపించదు, మీ దగ్గర కాపీ ఉంటుంది. ట్రాష్‌లో వేస్తే మామూలుగా 30 రోజుల తర్వాత అదే చెరిగిపోతుంది. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

‘రాసింది నేను కాదు’ అన్న మాట ఆస్ట్రేలియాలో అంత తేలిగ్గా నిలబడదు. నార్తర్న్ టెరిటరీలోని డాన్ డేల్ బాలల నిర్బంధ కేంద్రంలో పిల్లలను ఎలా చూశారో 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ బయటపెట్టింది. అక్కడ నిర్బంధంలో ఉన్న డిలన్ వోలర్ గురించి పత్రికలు, ఛానళ్లు తమ ఫేస్‌బుక్ పేజీల్లో వార్తలు పెట్టాయి. వాటి కింద జనం రాసిన కామెంట్ల వల్ల తన పరువు పోయిందంటూ ఆయన ఆ మీడియా సంస్థల మీదే కేసు వేశారు. అది హైకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గరలా కాదు, ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు పేరే హైకోర్టు. పేజీ పెట్టి, కామెంట్లకు చోటిచ్చి, వాటిని రాబట్టినవాళ్లు ఆ కామెంట్లకు ప్రచురణకర్తలే అవుతారని 2021 సెప్టెంబరు 8న అయిదుగురు జడ్జిలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు ఉండి తీర్పిచ్చారు. ఆ నెలలోనే సీఎన్ఎన్ తన ఫేస్‌బుక్ పేజీలు ఆస్ట్రేలియాలో కనబడకుండా ఆపేసింది. అంత పెద్ద సంస్థే వెనక్కి తగ్గిందంటే, ఒక్కరే నడిపే సైట్ ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

ఆ తర్వాత చట్టం కొంత మెత్తబడింది. న్యూ సౌత్ వేల్స్‌లో 2024 జులై 1 నుంచి అమలైన సవరణ ప్రకారం, ఇతరులు రాసిన మాటలకు చోటిచ్చినవాళ్లకు ఒక రక్షణ ఉంది. ఫిర్యాదు చేయడానికి సులువుగా దొరికే దారి మీ సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లోపు ఆ కామెంట్ విషయంలో తగిన చర్య తీసుకోవాలి. మీరు సిడ్నీలో ఉన్నారు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది. అన్ని రాష్ట్రాలూ ఈ సవరణను ఒకేసారి తేలేదు, కాబట్టి వేరే చోట ఉన్నవాళ్లు తమ రాష్ట్రం సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు సెట్టింగ్స్. సైట్‌లో ప్రతి పేజీ అడుగున ఫిర్యాదుల ఈమెయిల్ పెట్టండి. ఆ అడ్రస్‌కు వచ్చేవి స్పామ్‌లో పడకుండా మీ మెయిల్‌లో ఫిల్టర్ పెట్టి, ఫోన్‌కు నోటిఫికేషన్ వచ్చేలా చేయండి. ఏడు రోజుల గడువున్న చోట వారానికోసారి మెయిల్ చూసే అలవాటు పనికిరాదు. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, డిస్కషన్‌లోకి వెళ్లి ప్రతి కామెంట్‌నూ మీరు అప్రూవ్ చేశాకే కనిపించేలా టిక్ పెట్టండి. పాత వ్యాసాల కింద కామెంట్లు వాటంతటవే మూసుకుపోయే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, 14 రోజులు చాలు. ఫేస్‌బుక్ పేజీలో ఒక్కో పోస్ట్‌కు కామెంట్లు ఎవరు పెట్టొచ్చో నిర్ణయించే వీలు 2021 మార్చిలో వచ్చింది. మనుషుల పేర్లున్న వార్తలకు దాన్ని వాడండి. చర్చ తగ్గిపోతుందని బెంగ వద్దు. పేరు చెప్పి మాట్లాడేవాళ్లు మిగులుతారు, మీ సైట్‌కు కావాల్సింది వాళ్లే.

ఎప్పుడైనా లాయర్ నుంచి ‘కన్సర్న్స్ నోటీస్’ వస్తే టెన్షన్ పడి పేజీ మొత్తం పీకేయకండి. పరువు నష్టం దావా వేయడానికి ముందు అలాంటి నోటీస్ ఇవ్వడం తప్పనిసరి. సరిదిద్దుకుంటామని ప్రతిపాదన పంపడానికి 28 రోజుల సమయం ఉంటుంది. నోటీస్ వచ్చిన రోజే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని, అదే వారం లాయర్‌ను కలవండి.

ప్రశ్న: టీవీ రేటింగ్స్ మీద వారం వారం రాస్తున్నాను. ఒకే షోకు ఛానల్ ప్రెస్ నోట్‌లో ఒక అంకె ఉంటుంది, ఇంకోచోట దానిలో సగమే ఉంటుంది. నా గూగుల్ షీట్‌లో ఏది పెట్టుకోవాలి? (అడిలైడ్)

రెండూ పెట్టుకోండి, వేర్వేరు కాలమ్‌లలో. రెండూ నిజమే కావచ్చు. ఆస్ట్రేలియాలో టీవీ లెక్కలు ఓజ్‌టామ్ అనే సంస్థ ఇస్తుంది. 2024 ఆరంభం నుంచి ఛానళ్లు ముందుకు తెస్తున్న అంకె ‘నేషనల్ రీచ్’. షోను కనీసం ఒక్క నిమిషం చూసిన ప్రతి ఒక్కరూ అందులోకి వస్తారు. ‘యావరేజ్ ఆడియన్స్’ అంటే నిమిషానికి సగటున ఎంతమంది చూశారన్న లెక్క.

ఒక గంట షో తీసుకోండి. 10 లక్షల మంది గంటంతా చూశారు. మరో 10 లక్షల మంది ఆరు నిమిషాలే చూసి ఛానల్ మార్చారు. రీచ్ 20 లక్షలు. యావరేజ్ 11 లక్షలు. ప్రెస్ నోట్‌లో ఏది పెద్దక్షరాల్లో ఉంటుందో మీకు తెలుసు. ప్రకటనకు డబ్బు కట్టేవాడికి కావాల్సింది మాత్రం, తన ప్రకటన వచ్చిన నిమిషంలో ఎంతమంది ఉన్నారన్నది. అందుకే హెడ్డింగ్‌లో యావరేజ్ రాసి, రీచ్‌ను లోపల చెప్పడమే సరైన పని అని నా అభిప్రాయం.

షీట్‌లో ఇంకో రెండు కాలమ్‌లు చేర్చండి. ఒకటి, ఆ అంకె ఆ రాత్రిదా, ఏడు రోజుల్లో తర్వాత చూసినవాళ్లను కలిపినదా. రెండు, అది దేశం మొత్తానిదా, ఒకప్పటిలా సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ అయిదు నగరాలదేనా. ఇవి లేకుండా పాత అయిదు నగరాల సగటు పక్కన ఇప్పటి నేషనల్ రీచ్ పెట్టి గ్రాఫ్ గీస్తే, జనం తగ్గిన షో కూడా పెరిగినట్టు కనబడుతుంది. షీట్‌లో డేటా వాలిడేషన్ పెట్టి, ఈ రెండు కాలమ్‌లలో డ్రాప్‌డౌన్ నుంచి మాత్రమే ఎంచుకునేలా చేయండి. రాత్రి హడావుడిలో తప్పు పడదు.

ప్రశ్న: ఒక బ్రాండ్ ప్రకటన మీద విమర్శ రాశాను. మర్నాటికి వాళ్లు ఆ ప్రకటన తీసేశారు. నా దగ్గర ఫోన్‌లో తీసిన మసక ఫొటో తప్ప ఏమీ లేదు. (పెర్త్)

రాయడం మొదలుపెట్టే ముందే దాచిపెట్టుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేసి ‘టేక్ స్క్రీన్‌షాట్’, తర్వాత ‘సేవ్ ఫుల్ పేజ్’ ఎంచుకుంటే పేజీ మొత్తం పై నుంచి కింద దాకా ఒకే బొమ్మగా వస్తుంది. ఫైలు పేరులో తేదీ, బ్రాండ్ పేరు పెట్టండి. ఆ వెంటనే అదే లింక్‌ను, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లోని ‘సేవ్ పేజ్ నౌ’లో పెట్టండి. మీ కంప్యూటర్‌లోని బొమ్మను మీరే మార్చారని ఎవరైనా అనొచ్చు, మూడో చోట తేదీతో ఉన్న కాపీని అలా అనడం కష్టం.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు మెటా యాడ్ లైబ్రరీ ఉంది. దేశం ఆస్ట్రేలియా అని ఎంచుకుని బ్రాండ్ పేరుతో వెతకండి. రాజకీయ ప్రకటనలు అందులో ఏడేళ్లు ఉంటాయి. సబ్బులు, బీమాల ప్రకటనలు నడుస్తున్నంత కాలమే కనిపిస్తాయి, ఆపితే పోతాయి. గూగుల్, యూట్యూబ్ ప్రకటనలకు 2023లో వచ్చిన యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ చూడండి.

ఆ బొమ్మను మీ వ్యాసంలో వేయొచ్చా అని కూడా అడిగారు. అనుమతి లేకుండా కొంతవరకు వాడుకోనిచ్చే అమెరికా ‘ఫెయిర్ యూజ్’ నియమం ఆస్ట్రేలియాలో లేదు. 1968 నాటి కాపీరైట్ చట్టం విమర్శ, సమీక్ష, వార్త, వ్యంగ్యం లాంటి కొన్ని ప్రయోజనాలకే వీలిస్తుంది. మీరు నిజంగా ఆ ప్రకటన గురించే చర్చిస్తూ, అది ఎవరిదో చెబుతూ వేస్తే ఆ వీలు కిందికి వచ్చే అవకాశం ఉంది. వేరే వ్యాసానికి అలంకారంగా వేస్తే రాదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి సిడ్నీ క్లయింట్ సైట్‌కు పనిచేస్తాను. ఉదయం 6కు రావాల్సిన ఎంబార్గో వార్త (చెప్పిన సమయానికి ముందు వేయకూడనిది) అక్టోబరులో గంట ఆలస్యంగా వచ్చింది. ఇంకోసారి అసలు రాలేదు.

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. సైట్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ దగ్గర ‘యూటీసీ+10’ అని ఉండి ఉంటుంది. దానికి డేలైట్ సేవింగ్ తెలియదు. సిడ్నీలో అక్టోబరు మొదటి ఆదివారం గడియారం గంట ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి వెళ్తుంది. ఆ లిస్టులోనే పైన నగరాల పేర్లుంటాయి, ‘సిడ్నీ’ ఎంచుకోండి. బ్రిస్బేన్ క్లయింట్ అయితే ‘బ్రిస్బేన్’ అనే పెట్టండి, క్వీన్స్‌లాండ్‌లో గడియారం మార్చరు. మీ లెక్కకు సిడ్నీ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో అయిదున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ చలికాలం, వేసవి అన్నవి వాళ్లవి.

అసలు రాకపోవడానికి కారణం, వర్డ్‌ప్రెస్ షెడ్యూల్ ఎవరైనా సైట్ తెరిచినప్పుడే కదులుతుంది. తెల్లవారుజామున ఎవరూ రాకపోతే వార్త అక్కడే ఉండిపోతుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో అసలైన క్రాన్ జాబ్ (సర్వర్ టైమ్ ప్రకారం తనంతట తానే చేసే పని) పెట్టి, ప్రతి అయిదు నిమిషాలకు నడిచేలా చేయమని మీ హోస్టింగ్ వాళ్లను అడగండి.

ప్రశ్న: మార్కెటింగ్ మేనేజర్ల ఈమెయిళ్లు ఒక టూల్‌తో ఏరి, స్పాన్సర్ ప్రకటనతో న్యూస్‌లెటర్ పంపాను. సగం స్పామ్‌లోకి వెళ్లింది. ఎలా సరిచేయాలి?

ఆ లిస్టు తీసేయండి. ఆస్ట్రేలియా స్పామ్ చట్టం, 2003, టూల్స్‌తో ఏరిన అడ్రస్‌ల లిస్టులు వాడటాన్నే నిషేధిస్తుంది. వాణిజ్య మెయిల్‌కు అందుకునేవాళ్ల అంగీకారం ఉండాలి, పంపేది ఎవరో తెలియాలి, అన్‌సబ్‌స్క్రైబ్ పనిచేయాలి, అడిగిన అయిదు పనిదినాల్లోపు పంపడం ఆపాలి. దీన్ని చూసేది అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఏసీఎంఏ. మెయిల్ హైదరాబాద్ నుంచి వెళ్లినా, ఆస్ట్రేలియాలో తెరిస్తే ఈ చట్టం వర్తిస్తుంది. అక్కడి క్లయింట్ల కోసం ఇక్కడ పనిచేసేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

అడిగి చేరినవాళ్ల లిస్టుతో కొత్తగా మొదలుపెట్టి, మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ మీ డొమైన్‌కు పెట్టండి. న్యూస్‌లెటర్ సర్వీసులు ఏ రికార్డు ఎక్కడ పేస్ట్ చేయాలో స్క్రీన్ మీదే చూపిస్తాయి. రోజుకు 5,000కు పైగా జీమెయిల్ అడ్రస్‌లకు పంపేవాళ్లకు ఇవి 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. తక్కువ పంపేవాళ్లకూ ఇన్‌బాక్స్‌లోకి చేరడానికి ఇదే దారి.

ప్రశ్న: ఇంటర్వ్యూ ఫోన్ కాల్ రికార్డ్ చేయొచ్చా?

ముందే అడిగి, వాళ్లు ‘సరే’ అన్న మాట కూడా రికార్డ్‌లో ఉండేలా చేయండి. ఈ విషయంలో అక్కడి చట్టాలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. ఐఓఎస్ 18.1 నుంచి ఐఫోన్‌లోనే కాల్ రికార్డింగ్ ఉంది, అది అవతలివాళ్లకు వినబడేలా చెబుతుంది. చెప్పకుండా రికార్డ్ చేసే యాప్‌ల జోలికి పోకండి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నాను అన్నా. నా సైట్‌కు డాట్ కామ్ డాట్ ఏయూ పేరు కావాలి. దానికి ఫ్రెండ్ తన ఏబీఎన్ (అక్కడి ప్రభుత్వం వ్యాపారాలకు ఇచ్చే నంబరు) వాడుకోమంటున్నాడు. ఒక హెడ్‌ఫోన్స్ కంపెనీ రివ్యూ రాయమని సెట్ కూడా పంపింది.

ఫ్రెండ్ ఏబీఎన్‌తో తీసుకోకు తమ్ముడూ. ఆ పేరు మీద హక్కు అతనిదవుతుంది, రేపు మాట తేడా వస్తే సైట్ పేరే పోతుంది. ఇప్పటికి మామూలు డాట్ కామ్ తీసుకుని రాయడం మొదలుపెట్టు. నీ పని నిజంగా వ్యాపారంగా మారితే నీ పేరు మీదే ఏబీఎన్‌కు దరఖాస్తు చేయి. ప్రభుత్వ వ్యాపారాల రిజిస్టర్ అయిన ఏబీఆర్ సైట్‌లో దానికి ఫీజు లేదు, డబ్బు అడిగే సైట్లు మధ్యవర్తులవి. ఏడాదికి 75,000 డాలర్ల టర్నోవర్ దాటేదాకా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ అవసరం పడదు. కానీ ఏబీఎన్ మీద చేసే పని కూడా వీసాలో పనికిందే లెక్క. క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల పరిమితి ఉంది. సైట్ మీద ఆదాయం రావడానికి ముందే రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌తో ఒకసారి మాట్లాడు. వీసాకు వచ్చే ఇబ్బంది ముందు ఆ ఫీజు చాలా చిన్నది.

హెడ్‌ఫోన్స్ సంగతి, కంపెనీ ఉచితంగా పంపిందని రివ్యూ మొదటి వాక్యంలోనే రాయి, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాచకు. ప్రకటన ప్రకటనలా కనబడాలన్నది అక్కడి ప్రకటనదారుల సంఘం కోడ్‌లో ఉంది, వినియోగదారులను తప్పుదారి పట్టిస్తే పోటీ, వినియోగదారుల వ్యవహారాల ప్రభుత్వ సంస్థ ఏసీసీసీ చూసుకుంటుంది. ప్రచురించే ముందు రివ్యూ తమకు చూపించాలని కంపెనీ అంటే, సెట్ తిరిగి పంపించెయ్.