నొప్పి మోకాలిదే కావచ్చు, ముందు తుంటి ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. కాస్త బొద్దుగా ఉంటాడు. స్కూల్లో కెమెరాతో పిల్లల కాళ్లను పరీక్షించి, వీడికి ‘కుడి కాలు దొడ్డికాలు లక్షణం, నిపుణులను సంప్రదించండి’ అని రిపోర్టు ఇచ్చారు. ఇంట్లో ఫోన్ యాప్‌తో చూస్తే ఒక్కోసారి ఒక్కో డిగ్రీ చూపిస్తోంది. అప్పుడప్పుడూ కుడి మోకాలు నొప్పి అంటాడు, ఆడుకుని వచ్చిన రోజు కొంచెం కుంటుతాడు. నాలుగు నెలలుగా వారానికోసారి 60 వేల యూనిట్ల విటమిన్ డి వేస్తున్నాం. ఈ కంప్యూటర్ పరీక్షను నమ్మొచ్చా? ఇన్‌సోల్స్, బ్రేస్ ఆర్డర్ చేయమంటారా?
- ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది యాప్ గురించి. నా దృష్టి మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసేసిన మాట మీద పడింది. ఆడుకుని వచ్చిన రోజు కుంటుతాడు అన్నారు.

బొద్దుగా ఉన్న 13 ఏళ్ల అబ్బాయి, ఒకవైపే నొప్పి, పైగా కుంటడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే మేం మోకాలి కన్నా ముందు తుంటిని అనుమానిస్తాం. ఈ వయసులో తొడ ఎముక తల, దాని కింద ఉండే గ్రోత్ ప్లేట్ (ఎముక పొడవు పెరిగే మెత్తటి పొర) దగ్గర చోటు తప్పి జారే సమస్య ఒకటి ఉంది. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి. అందుకే జబ్బు తుంటిలో ఉన్నా పిల్లలు మోకాలే పట్టుకుని చూపిస్తారు. మోకాలికి ఎక్స్‌రే తీస్తే బాగానే ఉంటుంది. ‘ఎదిగే వయసు నొప్పులు’ అనుకుని అంతా ఊరుకుంటారు, ఈలోగా ఎముక ఇంకాస్త జారుతుంది. ఎదిగే నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ, రాత్రిపూట వస్తాయి. తెల్లారేసరికి పిల్లలు మామూలుగా పరుగెడతారు, కుంటరు.

మీ వాడికి ఇదే ఉందని నేను అనడం లేదు, చూడకుండా అనకూడదు కూడా. కానీ లేదని తేలేదాకా ఉన్నట్టే జాగ్రత్తపడాలి. వచ్చే సెలవుల దాకా ఆగకుండా రేపే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. పిల్లల ఎముకలు చూసేవారైతే మరీ మంచిది. రెండు తుంటులకూ ఎక్స్‌రే కావాలి. ఎదురుగా తీసేది ఒకటి, కాళ్లు కప్పలా మడిచి పక్కలకు పెట్టి తీసేది ఇంకొకటి. తొలిదశలో జారుడు మొదటిదానిలో దొరక్కపోవచ్చు, రెండోదానిలో బయటపడుతుంది. డాక్టర్ పడుకోబెట్టి తొడను పొట్ట వైపు మడిచినప్పుడు ఆ కాలు దానంతటదే బయటికి తిరిగిపోతే అనుమానం బలపడుతుంది. ఇది ఇంట్లో మీరు చేసి చూడొద్దు. అప్పటిదాకా ఆటలు, పరుగు, మర్దన, వీడియోలు చూసి చేయించే వ్యాయామాలు అన్నీ బంద్. ఉన్నట్టుండి కాలు కింద మోపలేకపోతే మాత్రం నడిపించకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఎముక తలకు రక్తం అందకుండా పోయే ప్రమాదం ఉంటుంది.

ఇక కెమెరా సంగతి. ఈ ప్రోగ్రాములు ఫొటోలో తుంటి, మోకాలు, చీలమండ దగ్గర ఒక్కో చుక్క పెట్టి, వాటిని గీతలతో కలిపి కోణం లెక్కిస్తాయి. కెమెరాకు కనిపించేది చర్మం, దుస్తులు. ఎముక కనిపించదు. బొద్దుగా ఉన్న పిల్లల్లో తుంటి కీలు ఎక్కడుందో అది అంచనా వేసుకోవాల్సిందే, లూజు ప్యాంటు వేసుకుంటే మరీనూ. ఫోన్ కాస్త వంగినా, మోకాలి చిప్పలు ముందుకు చూడకపోయినా డిగ్రీలు మారతాయి. మీ ఇంట్లో జరిగింది బహుశా అదే. ఇంకో మాట, పాదం బయటికి తిరిగి, మోకాలు కొద్దిగా వంగి నిలబడితే తిన్నని కాలు కూడా ఫొటోలో దొడ్డికాలులాగే కనిపిస్తుంది. తుంటి జారిన పిల్లలు నిలబడేది సరిగ్గా అలాగే! కాబట్టి రిపోర్టు తేడా పట్టుకుంది సరే, కారణం కూడా అదే చెప్పిందనుకోవద్దు.

అలాగని తీసిపారేయను. రేడియేషన్ లేకుండా తరగతి మొత్తాన్ని ఒక పూటలో చూడొచ్చు, చూపించాల్సిన పిల్లలను విడదీయొచ్చు. దాని పని అక్కడితో అయిపోయింది. అసలు కొలత నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. రేపు యాప్ ‘నార్మల్’ అని చూపించినా కుంటే పిల్లాడికి పరీక్ష తప్పదు.

తుంటి బాగుందని తేలితే అప్పుడు మోకాలి వంతు. బరువెక్కువున్న టీనేజ్ పిల్లల్లో మోకాలి కింద ఉండే పెద్ద ఎముక పైభాగంలో, లోపలివైపు ఎదుగుదల మందగించి కాలు బయటికి వంగే బ్లౌంట్ వ్యాధి ఉంటుంది, అదీ ఒకవైపే రావచ్చు. గ్రోత్ ప్లేట్ ఇంకా తెరిచి ఉండగా వస్తే కొందరికి చిన్న ప్లేటు, స్క్రూలతో ఎదుగుదలను దారి మళ్లించి సరిచేయొచ్చు. అది మూసుకుపోయాక ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. అబ్బాయిల్లో మోకాలి దగ్గర గ్రోత్ ప్లేట్ దాదాపు 16 ఏళ్లకు మూసుకుంటుంది.

విటమిన్ డి ఎవరు రాశారో మీరు చెప్పలేదు. ఎవరూ రాయలేదనే నా అనుమానం. కాలు వంకర అనగానే ఎముకల బలానికని ఇది మొదలుపెట్టేస్తారు, ఆపడం మర్చిపోతారు. నాలుగు నెలల పాటు పరీక్ష లేకుండా, ఎప్పుడు ఆపాలో తెలియకుండా అంత డోసు వేయడం ఏ లెక్కన చూసినా సరికాదండీ. ఇది కొవ్వులో కరిగి ఒంట్లో నిల్వ ఉండిపోతుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతి దాహం, మాటిమాటికీ మూత్రం, చివరికి కిడ్నీకి కూడా ఇబ్బంది. పైగా అసలు లోపం ఉందో లేదో ఇప్పుడు రక్తపరీక్షలో తెలుసుకోవడం కష్టమైంది. ఇవాళ్టి నుంచి ఆపండి. డాక్టర్‌ను అడిగి కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్ చేయించండి. వెళ్లేటప్పుడు వాడిన మందుల కవర్లు పట్టుకెళ్లండి. నొప్పి మాత్రలు కూడా ఇస్తున్నారేమో, అదీ దాచకుండా చెప్పండి. అవి వేసుకున్న రోజు కుంటడం తగ్గి డాక్టర్‌కు కూడా ఏమీ తెలియకపోవచ్చు.

ఇన్‌సోల్స్, బ్రేస్ ఈ వయసులో ఎముక వంపును సరిచేయవు. ఆర్డర్ పెట్టి ఉంటే రద్దు చేసుకోండి. స్కూలు రిపోర్టు మాత్రం డాక్టర్‌కు చూపించండి.