ముడత పైకా, కిందికా?

ప్రశ్న: కుండీల్లో పెంచుతున్న మిరప మొక్కల ఆకులు కొంతకాలంగా ముడుచుకుపోతున్నాయి. పక్షం రోజుల తేడాతో రెండుసార్లు వేపనూనె పిచికారీ చేసినా ముడత విడలేదు. ఇది వైరస్ తెగులని, మొక్కలను పీకి పారేయడమే మేలని తెలిసినవారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: పీకే ముందు ముడత ఎటు తిరిగిందో చూడండి. ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా మారితే దాన్ని పైముడత అంటారు. అది తామర పురుగులు చేసే నష్టం. అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, కాడ మామూలుకన్నా పొడవుగా సాగితే అది కింది ముడత. దానికి కారణం తెల్లనల్లి. ఈ రెండూ కాకుండా ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారి, కొమ్మల చివర ఆకులన్నీ గుబురుగా చేరితే అప్పుడు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌ను అనుమానించాలి. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు కనుక దాన్ని తీసేయడమే మిగతా మొక్కలకు రక్ష. మొదటి రెండింటిలో మాత్రం మొక్కను నిలబెట్టుకోవచ్చు.

అనుమానం తీరాలంటే ఒక తెల్ల కాగితాన్ని చిగురు కింద పట్టి కొమ్మను రెండు మూడుసార్లు తట్టండి. తామర పురుగులుంటే లేత పసుపు రంగులో, మిల్లీమీటరు పొడవున్న సన్నని పురుగులు కాగితం మీద చురుగ్గా పాకుతాయి. ఏమీ రాలకపోయినా ముడత కిందికే ఉంటే చిగురాకును తిప్పి భూతద్దంతో అడుగుభాగం చూడాలి, ఎందుకంటే తెల్లనల్లి మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే ఉంటుంది, మామూలు చూపుకు ఆనదు. ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు జాతికి దగ్గరిది. తామర పురుగుల కోసం వాడే పురుగుమందుల్లో చాలావాటికి అది చావదు సరికదా, నల్లిని తినే మేలు చేసే జీవులు చచ్చిపోయి దాని సంఖ్య ఇంకా పెరుగుతుంది.

తామర పురుగులైతే వేపనూనె పనిచేస్తుంది, కానీ పక్షానికోసారి సరిపోదు. ఆ పురుగు గుడ్లను ఆకు కణజాలంలోపలే పెడుతుంది, కొంత ఎదిగాక మట్టిలోకి దిగి కోశ దశ గడుపుతుంది. ఆ రెండు చోట్లకూ మీ మందు చేరదు. అందుకే ఐదారు రోజులకోసారి, వరసగా మూడు నాలుగుసార్లు పిచికారీ చేయాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె తీసుకుని, ముందు దాన్ని కొద్దిగా ద్రవ సబ్బుతో కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయండి. నేరుగా నీళ్లలో పోస్తే నూనె పైన తేలి ఒక ఆకుకు ఎక్కువగా, ఇంకో ఆకుకు అసలు లేకుండా పడుతుంది. ఎండ తగ్గాక, ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. తెల్లనల్లి అయితే నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడవచ్చు. అయితే ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లోను, నూనె కొట్టిన రెండు వారాలలోపు గంధకం కొడితే ఆకులు మాడిపోతాయి. మీరు ఇప్పటికే నూనె కొట్టారు కనుక ఈ గడువు తప్పక పాటించండి.

ఇంకొక మాట. ముడుచుకున్న ఆకు మళ్లీ విచ్చుకోదు. మందు పనిచేసిందో లేదో పాత ఆకులను చూసి తేల్చకండి, కొత్త చిగురు సాఫీగా వస్తోందా అని చూడండి. చాలామంది ఇక్కడే నిరాశపడి, ఒకదాని మీద ఒకటిగా మందులు మార్చి, కోలుకుంటున్న మొక్కను చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: టమాటా మొక్కల ఆకులు పసుపు రంగుకు మారుతున్నాయి. ఎరువు చాలలేదని వారం వారం వర్మీ కంపోస్టు, యూరియా వేస్తున్నాను. అయినా పసుపు ఎక్కువవుతోంది.

జవాబు: ముందు ఎరువు ఆపండి. పసుపు ముందుగా కనిపించింది కింది ఆకుల్లోనా, చిగుళ్లలోనా అన్నది మీరు రాయలేదు. అసలు సమాధానం అందులోనే ఉంది. నత్రజని, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు కనుక కొరత వచ్చినప్పుడు మొక్క ముదురు ఆకుల నుంచి వాటిని లాగి చిగుళ్లకు పంపుతుంది. నత్రజని లోపిస్తే ముదురు ఆకు మొత్తం పాలిపోతుంది, మెగ్నీషియం లోపిస్తే ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్యభాగం పసుపు తిరుగుతుంది. ఇనుము అలా కదలదు. అందుకే ఈనెలు తప్ప మిగతా ఆకంతా పసుపెక్కడం చిగురులోనే మొదలవుతుంది. ఇనుము లోపం చాలాసార్లు మట్టిలో ఇనుము లేక కాదు, మట్టి క్షారగుణం పెరగడంవల్ల వేరు దాన్ని తీసుకోలేక వస్తుంది.

మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం వేర్ల మీద ఉంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉన్నా మొక్క వాడుతోందంటే వేర్లకు గాలి ఆడక కుళ్లుతున్నాయని అర్థం. ఆ స్థితిలో ఎంత ఎరువు వేసినా మొక్క అందుకోలేదు. కుండీ అడుగు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూసి, పైన రెండు అంగుళాల మట్టి ఆరాకే నీళ్లు పోయండి. మట్టిమీద తెల్లని పొర కట్టి, ఆకు అంచులు మాడి ఉంటే ఎరువు ఎక్కువై లవణాలు పేరుకున్నట్టు. అప్పుడు మంచినీటిని అడుగునుంచి ధారాళంగా కారిపోయేలా రెండు మూడు దఫాలుగా పోసి కడిగేయాలి.

ప్రశ్న: ఎండలు ముదిరాక పూత బాగా వస్తోంది కానీ అంతా రాలిపోతోంది. నిలిచిన కొద్ది టమాటాల అడుగు నల్లగా మారుతోంది.

జవాబు: పూత రాలడానికి పగటి వేడి ఒక్కటే కారణం కాదు. రాత్రి వేడి 24 డిగ్రీలకు దిగకపోతే టమాటా పుప్పొడి సరిగా తయారుకాదు, పిందె కట్టదు. దీనికి పిచికారీ మందు వెతకకండి. మధ్యాహ్నపు ఎండ తగలకుండా షేడ్ నెట్ కట్టి, నల్లని కుండీలకు లేతరంగు గుడ్డ చుట్టి, మట్టిపై ఎండుటాకులు పరవండి. మధ్యాహ్నం వాడిన మొక్క సాయంత్రానికి తేరుకుంటే అది దాహం కాదు, నీళ్లు పోయనక్కరలేదు.

కాయ అడుగు నల్లబడటం పురుగు పనీ కాదు, తెగులూ కాదు. కాల్షియం నీటితోపాటే మొక్కలోకి ఎక్కి, ఎక్కువ భాగం ఆకులకే పోతుంది. ఒకరోజు మట్టి ఎండి, మరునాడు ముంచెత్తితే కాయ చివరకు అది చేరదు. గుడ్డుపెంకుల పొడి మట్టిలో కరగడానికి చాలాకాలం పడుతుంది కనుక దానివల్ల ఈ కాపుకు ఫలితం ఉండదు. రోజూ ఒకే వేళకు, ఒకే మోతాదులో నీళ్లు అందేలా చూసుకుంటే తర్వాత కట్టే పిందెలు శుభ్రంగా వస్తాయి.