రెండో చక్రాల సెట్టుకి ప్రెషర్ సెన్సర్లు: టైరు ఎక్కించక ముందే చూసుకోవాల్సినవి

స్పోర్ట్స్ కారు కొన్న మనవాళ్లకి మొదటి చలికాలంలోనే ఒక విషయం తెలిసొస్తుంది, దాంతో వచ్చిన సమ్మర్ టైర్లు చలికి పనికిరావని. 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే రబ్బరు బిగుసుకుపోయి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, గడ్డకట్టే చలిలో అయితే బీటలు కూడా వారొచ్చు. ట్రాక్ మీద తోలే సరదా ఉన్నవాళ్లకి ఇంకో రకం టైర్లు కావాలి. ఏటా రెండుసార్లు రిమ్ముల నుంచి టైర్లు ఊడదీయించి మళ్లీ ఎక్కించే బదులు రిమ్ములతో సహా రెండో సెట్టు కొనుక్కోండనే నేనూ చెప్తాను. (స్టెప్నీ గురించి కాదు, చాలా స్పోర్ట్స్ కార్లలో అసలు స్టెప్నీయే ఉండదు, సీలెంట్ డబ్బా ఒకటి, చిన్న కంప్రెసరు ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుంటారు.) అయితే ఆ సెట్టు కొనేటప్పుడు రంగూ, సైజూ, డిజైనూ అన్నీ చూస్తారు గానీ టైర్లలో గాలి ఎంతుందో కారుకి చెప్పే ప్రెషర్ సెన్సర్ల సంగతి మాత్రం అంతా బిగించాక డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగితే గానీ గుర్తుకు రాదు.

ముందు మీ కారులో అసలు చక్రాల్లో సెన్సర్లు ఉన్నాయా లేవా చూడండి. కొన్ని కార్లు ఏబీఎస్ కోసం ఉన్న వీల్ స్పీడ్ సెన్సర్లతోనే సరిపెట్టుకుంటాయి. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొంచెం తగ్గి మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి ఆ తేడాని పట్టుకుంటాయి. మీది అలాంటిదైతే కొనాల్సింది ఏమీ లేదు, చక్రాలు మార్చి, గాలి సరిగ్గా పట్టించి, మెనూలో రీసెట్ కొడితే అయిపోయింది. ఒక్కో టైరులో ఎన్ని పీఎస్ఐ ఉందో విడివిడిగా అంకె చూపిస్తుంటే మాత్రం దాదాపుగా చక్రం లోపల సెన్సరు ఉన్నట్టే. అంకె చూపించకపోయినా ఉండొచ్చు, కాబట్టి మాన్యువల్ చూడటమే నయం.

ఆ తర్వాత ఫ్రీక్వెన్సీ, అంటే సెన్సరు కారుకి రేడియోలో కబురు పంపే తరంగం. అమెరికాలో చాలా కార్లు 315 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, యూరప్‌లో 433. కానీ అమెరికాలో అమ్మే జర్మన్ కార్లు చాలావరకు 433 వాడతాయి, కాబట్టి దేశాన్ని బట్టి కాకుండా మీ కారు మోడల్, తయారైన సంవత్సరం, పార్ట్ నంబరు బట్టి కొనండి. ఫ్రీక్వెన్సీ ఒకటే అయినంత మాత్రాన పని చేస్తుందన్న భరోసా కూడా లేదు, ఒక్కో కంపెనీ సెన్సరు మాట్లాడే పద్ధతి ఒక్కోలా ఉంటుంది. పాత కారు నుంచి తీసిన సెన్సర్లు చౌకగా దొరికాయని మాత్రం తీసుకోవద్దు. వాటి బ్యాటరీ లోపలే మూసేసి ఉంటుంది, మార్చడానికి కుదరదు, మామూలుగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. సెన్సరు చచ్చిపోతే మళ్లీ టైరు ఊడదీయాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఎవరూ అడగని ప్రశ్న ఏమిటంటే కొత్త చక్రాలని మీ కారు ఎలా గుర్తు పడుతుంది? ప్రతి సెన్సరుకీ ఒక సొంత ఐడీ నంబరు ఉంటుంది, కారు మామూలుగా తనకి తెలిసిన నాలుగు ఐడీల మాటే వింటుంది. ఆ నాలుగింటినీ మార్చే పద్ధతి కారుని బట్టి మారుతుంది. పోర్షాల్లో మెనూలోకి వెళ్లి ఏ టైర్లు వేశారో చెప్పి కాసేపు నడిపితే అదే నేర్చుకుంటుంది, బీఎండబ్ల్యూలది కూడా ఇంచుమించు ఇదే దారి. ఈమధ్య కాలపు కొర్వెట్‌లలో కారుని నేర్చుకునే మోడ్‌లో పెట్టి, డ్రైవర్ వైపు ముందు చక్రంతో మొదలుపెట్టి, పక్క సీటు వైపు ముందుది, దాని వెనకది, చివరికి డ్రైవర్ వెనకది అని వరసగా ఒక చిన్న టూల్ దగ్గర పెట్టి సెన్సర్లని లేపుకుంటూ పోవాలి, ఒక్కోటి పట్టుబడగానే హారన్ కొడుతుంది. అది ఇంట్లో చేసుకోగలిగిన పనే. మొదటి తరం సుబారు బీఆర్‌జడ్, దాని జోడీ టొయోటా 86 ఉన్నవాళ్లకి మాత్రం ఇది కాస్త తలనొప్పి, ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌తో మాట్లాడే సాకెట్) స్కానర్ తగిలించి ఐడీలు రాస్తే తప్ప కారు ఒప్పుకోదు. అంటే ఏటా రెండుసార్లు షాపుకి వెళ్లాలి, లేదా ఆ టూల్ మీరే కొనుక్కోవాలి.

ఇలా స్కానర్ అడిగే కార్లకి నేను చెప్పేది ఒకటే, క్లోన్ చేయించుకోండి. ప్రోగ్రామ్ చేసుకునే ఖాళీ సెన్సర్లు దొరుకుతాయి. టైర్ షాపు వాళ్లు టూల్‌తో మీ పాత చక్రాల ఐడీలు చదివి, వాటినే కొత్త సెన్సర్లలోకి ఎక్కిస్తారు, ఇక కారు దృష్టిలో చక్రాలు మారనే లేదు. సీజన్ మారినప్పుడు జాకీ ఎత్తి, బోల్టులు విప్పి, బిగించుకుంటే సరి, స్కానరూ అక్కర్లేదు, టెన్షనూ లేదు. కాకపోతే ఏ చక్రం క్లోన్ ఆ చోటికే వెళ్లాలి. ముందు ఎడమ ఐడీ ఉన్న చక్రాన్ని వెనక కుడికి బిగిస్తే అంకెలు తారుమారవుతాయి, ముందూ వెనకా వేరే సైజులు, వేరే ప్రెషర్లు ఉండే కార్లలో అది చిన్న విషయం కాదు. చక్రం లోపలి వైపు చాక్‌పీస్‌తో రాసిపెట్టుకోండి. ఇంకోటి, క్లోన్ చేసిన రెండు సెట్లూ ఒకేసారి కారుతో తిప్పొద్దు. నిలిచి ఉన్న సెన్సరు మామూలుగా నిద్రలో ఉంటుంది, చక్రం తిరిగితేనే లేస్తుంది, అందుకే గరాజ్‌లో మూలన పెట్టిన సెట్టుతో గొడవ ఉండదు. ట్రాక్‌కి రెండో సెట్టు వెనకేసుకుని వెళ్లే అలవాటుంటే క్లోన్ జోలికి పోకండి.

బిగించేటప్పుడు వాల్వు సంగతి చూడండి. రబ్బరు వాల్వు సెన్సర్లూ ఉంటాయి, నట్టుతో బిగించే అల్యూమినియంవీ ఉంటాయి. వేగంగా పోయే కారుకి లోహపు వాల్వే వేయించండి. ఆ నట్టుకి చాలా తక్కువ టార్క్ చాలు, బలం చూపిస్తే సెన్సరు విరుగుతుంది. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను పెడితే, ఉప్పు చల్లే రోడ్ల మీద అది తుప్పుపట్టి అతుక్కుపోతుంది, నికెల్ పూత ఉన్నదే పెట్టమనండి. బయటి కంపెనీ రిమ్ములైతే లోపలి వంపు మీద సెన్సరు ఒరిగి కూర్చుంటోందేమో టైరు ఎక్కించక ముందే చూడాలి. బ్యాలెన్సింగ్ సెన్సరు పెట్టాకే చేయించాలి అని వేరే చెప్పక్కర్లేదు.

ఖర్చు దండగ, సెన్సర్లు లేకుండానే వేసుకుంటాను అంటే? అమెరికాలో కార్లు బాగుచేసే వ్యాపారాలు పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని పనిచేయకుండా చేయకూడదని ఫెడరల్ చట్టం ఉంది, అందుకే కొన్ని షాపులు సెన్సరు లేని చక్రాలు బిగించబోమని ఖరాఖండిగా చెప్పేస్తాయి. అది వాళ్ల మొండితనం కాదు. మీ ఇంటి ముందు మీరే బిగించుకుంటే ఆ నిబంధన మీకు వర్తించదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి తప్పించుకునే దారి లేదు, 2012 జనవరి 1 నుంచి రోడ్డెక్కిన కార్లలో ఈ సిస్టం పాడైనట్టు లైటు వెలుగుతుంటే ఎంఓటీ (అక్కడి ఏటేటా వాహన తనిఖీ) ఫెయిల్. కొందరు మహానుభావులు నాలుగు సెన్సర్లనీ ఒక పీవీసీ పైపులో పెట్టి గాలి నింపి డిక్కీలో పడేసి లైటు ఆర్పేస్తారు, ఇంజనీరింగ్ తెలివికి దండం పెట్టొచ్చు గానీ, ఒక టైరు ఖాళీ అవుతున్నా పైపు మాత్రం అంతా బాగుందనే చెబుతుంది.

ఇన్ని చేశాక కూడా లైటు వెలిగితే కంగారు పడకుండా అది ఎలా వెలుగుతోందో చూడండి. స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా ఉండిపోతే సిస్టంలోనే లోపం, అంటే ఏదో సెన్సరు కారుకి వినపడటం లేదు. మొదటి నుంచీ నిలకడగా ఉంటే సెన్సరు బాగానే ఉంది, గాలే తక్కువ. అమెరికన్ నిబంధన ప్రకారం సిఫార్సు చేసిన ప్రెషర్ కంటే 25 శాతం తగ్గేసరికి లైటు రావాలి, అంటే 36 పీఎస్ఐ రాసి ఉన్న కారుకి 27 దగ్గర. ట్రాక్‌లో టైరు వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది కదా అని ముందే 26కి దింపుకుని వెళ్తే, అది వేడెక్కేదాకా లైటు వెలగడం సహజం. చలికాలంలోనూ అంతే, ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ పడిపోతే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే గరాజ్‌లోంచి తీసిన సెట్టుకి గాలి పొద్దున్నే, కారు కదలక ముందే, బయట చల్లగా ఉన్నప్పుడు చూసి పట్టించండి.